బెజవాడలో ఒక్కరే ఉంటున్నారా? సాయంత్రాలు గడిచే పద్ధతి, నలుగురిలో పడే దారి

విజయవాడలో ఒక్కరే ఉంటున్నవాళ్లు తక్కువమందేం కాదు. ఆటోనగర్‌లో ఉద్యోగమొచ్చి గది తీసుకున్న కుర్రాడు, గవర్నర్‌పేట హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతున్న అమ్మాయి, బదిలీ మీద వచ్చి కుటుంబాన్ని సొంతూళ్లోనే ఉంచిన బ్యాంకు ఉద్యోగి, పిల్లలిద్దరూ అమెరికాలో ఉంటే పటమటలో మూడు బెడ్‌రూముల ఫ్లాట్‌లో మిగిలిపోయిన పెద్దాయన. వీళ్లలో ఎవర్ని కదిపినా పగలు బానే గడుస్తుందంటారు. సాయంత్రం ఆరు దాటాకే కష్టం. ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక మరీ కష్టం.

"నలుగురితో కలువు, అదే పోతుంది" అని సలహా చెప్పనివాళ్లు లేరు. ఆ నలుగురూ ఎక్కడుంటారో, వెళ్లి ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పరు. నా లెక్కలో దీనికో వరస ఉంది. ముందు ఒక్కరే బయటికెళ్లి ఇబ్బంది పడకుండా తిరగడం అలవాటు కావాలి. తర్వాత ఒకటి రెండు చోట్లకి అదే వేళకి మళ్లీ మళ్లీ వెళ్లాలి. స్నేహం దాని వెనకాల వస్తుంది. అలా కాకుండా మొదటిరోజు నుంచే స్నేహితుల కోసం వెతకడం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువమంది రెండు వారాల్లో విసుగెత్తి మళ్లీ ఫోన్ పట్టుకుని మంచమెక్కుతారు.

1. లోటు ఎక్కడుందో తేల్చుకోండి

ఒంటరితనం అంతా ఒక రకం కాదు. రాబర్ట్ వైస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లోనే దీన్ని రెండుగా విడదీశాడు. మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి కూడా లేకపోవడం ఒకటి. కబుర్లకి, ఆటకి, పెళ్లికో పేరంటానికో కలిసి వెళ్లడానికి ఒక బ్యాచ్ లేకపోవడం రెండోది.

కొత్తగా పెళ్లయి నూజివీడు నుంచి వచ్చి సత్యనారాయణపురంలో కాపురం పెట్టిన అమ్మాయికి భర్త మంచివాడే కావచ్చు, అన్నీ చెప్పుకునే చనువూ ఉండొచ్చు. అయినా పొద్దున్న తొమ్మిదికి అతను బయల్దేరాక ఆ వీధిలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ ఉండరు. ఆమెకి కావాల్సింది బ్యాచ్. ఆఫీసులో పదిమందితో నవ్వుతూ తిరిగే మనిషికి రాత్రి పదింటికి ఏడుపొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియకపోవచ్చు. అతనికి ఇంకో పదిమంది పరిచయమైనా ఒరిగేదేం లేదు. ఉన్నవాళ్లలోనే ఒకరితో మాట ఇంకాస్త లోపలికి వెళ్లాలి. ఉమ్మడి కుటుంబంలో ఉంటూ ఒంటరిగా ఉన్నవాళ్లూ ఉంటారు, వాళ్లది ఎక్కువగా ఈ ఆఫీసు మనిషి లాంటి బాధే.

మీ పరిస్థితి ఎంత దూరం వెళ్లిందో చూసుకోవడానికి పరిశోధకులు 2004 నుంచి వాడుతున్న చిన్న కొలత ఒకటుంది. మూడే ప్రశ్నలు. తోడు లేదని మీకు ఎంత తరచుగా అనిపిస్తుంది? మిమ్మల్ని పక్కన పెట్టేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది? అందరికీ దూరంగా విడిగా ఉండిపోయానని ఎంత తరచుగా అనిపిస్తుంది? "దాదాపు ఎప్పుడూ లేదు" అయితే 1, "అప్పుడప్పుడు" అయితే 2, "తరచుగా" అయితే 3. కలిపితే 3 నుంచి 9 మధ్య ఒక అంకె వస్తుంది. 6, ఆ పైన వస్తే చాలా అధ్యయనాల్లో ఒంటరితనం కింద లెక్క. ఆ అంకెని తేదీ వేసి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రెండు నెలలయ్యాక మళ్లీ వేసుకుని పోల్చుకోవచ్చు.

అంకె ఎక్కువొస్తే నాలోనే ఏదో లోపం ఉందనుకోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిది ఇదే బాధ.

2. ఏ గంట కష్టమో చూసి, ఆ గంటకే పని పెట్టండి

రోజంతా మార్చేద్దామని టైంటేబుల్ వేసుకుంటే మూడో రోజుకి అటకెక్కుతుంది. ఒక వారంపాటు మనసు బాగోలేని వేళ మాత్రం రాసుకోండి. చాలామందికి రెండో మూడో గంటలే తేలతాయి. ఉద్యోగస్తులకి సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, హాస్టల్ పిల్లలకి రాత్రి భోజనమయ్యాక, రిటైరైనవాళ్లకి మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా.

ఉద్యోగస్తులకి ఒకటే నియమం చెప్తాను: పని నుంచి సరాసరి గదికి వెళ్లకండి. గదికెళ్లి లుంగీయో నైటీయో మార్చుకుని మంచం మీద వాలితే ఆ సాయంత్రం అయిపోయినట్టే, మళ్లీ లేచి బయటికెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు. ఆఫీసు బట్టల్లోనే ముప్పావు గంట బయట గడిపి అప్పుడు వెళ్లండి. ఎక్కడ గడపాలో తర్వాతి అడుగులో చెప్తాను.

ఆదివారానికి మాత్రం శనివారం రాత్రే ప్లాన్ ఉండాలి. పొద్దున్న బట్టలు ఉతుక్కోవడం, గది సర్దుకోవడం, మధ్యాహ్నం కాసేపు నిద్ర, నాలుగున్నరకల్లా చెప్పులేసుకుని గడప దాటడం. ఏప్రిల్, మే నెలల్లో ఈ లెక్క తిరగబడుతుంది. బెజవాడ ఎండలో సాయంత్రం నాలుగున్నరకి బయటికెళ్లమని ఎవరికీ చెప్పలేం కాబట్టి ఆ రెండు నెలలూ తెల్లవారుజామున ఐదున్నరకి మార్చుకోండి. వేసవిలో ఒంటరితనం ఎక్కువైందని చాలామంది అనేది దీనివల్లే అనుకుంటాను. ఎండకి భయపడి తలుపులు బిగించుకుని కూర్చోవడమే సగం కారణం.

గదిలో ఉండక తప్పని గంటలకి రేడియో పెట్టుకోండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది, ఇప్పుడు ఫోన్లో యాప్‌లో కూడా వస్తుంది. రీల్స్ చూస్తే టైం ఎంతైందో తెలీకుండా అర్ధరాత్రవుతుంది. రేడియోలో ఇంత టైమైందని ఒక మనిషి చెప్తాడు, వార్తలు చదువుతాడు, పాట వేస్తాడు. కూర తరుక్కుంటూ, ఇస్త్రీ చేసుకుంటూ వినొచ్చు.

3. ఒక్కరే బయటికి వెళ్లడం

అసలు అడ్డంకి ఇక్కడే ఉంది. మనవైపు ఒక్కరే హోటల్‌కో సినిమాకో వెళ్తే "అయ్యో, ఒక్కడివే వచ్చావా?" అంటారు. అడిగేవాళ్లకి అది పలకరింపే, మనకి మాత్రం ఎక్కడో గుచ్చుకుంటుంది. ఆ ప్రశ్నకి భయపడి ఎవరో ఒకరు తోడొచ్చేదాకా ఆగుతారు, తోడు రారు, ఆదివారం అయిపోతుంది.

ఖాళీగా గదిలో కూర్చోవడం ఎవరికీ చేతకాదు, ఆ సంగతి ముందే తెలుసుకోండి. వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో అచ్చువేసిన ఒక ప్రయోగంలో మనుషుల్ని ఫోన్, పుస్తకం ఏమీ లేకుండా 15 నిమిషాలు ఒక గదిలో కూర్చోబెట్టారు. కావాలంటే చిన్న కరెంట్ షాక్ ఇచ్చుకోవడానికి ఒక బటన్ మాత్రం పెట్టారు. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6 గురు ఆ బటన్ నొక్కుకున్నారు. కాబట్టి ఒక్కరే ఉన్నప్పుడు మీకు తోచకపోతే అది మామూలే. కాళ్లకో చేతులకో కళ్లకో ఒక పని ఇవ్వాలి.

తేలికైనదాంతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. సినిమా అన్నిటికంటే తేలిక, లైట్లు తీసేస్తారు. గాంధీనగర్ హాళ్లలో మామూలు రోజు మార్నింగ్ షోకి వెళ్తే ఒక్కరే వచ్చినవాళ్లు చాలామంది కనపడతారు. తర్వాత టిఫిన్. గాంధీనగర్‌లోనే బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తినడానికి పొద్దున్నపూట ఒక్కరే వచ్చేవాళ్లకి లోటేం లేదు.

ఆ పైది భోజనం. ఇది కాస్త కష్టం, అందుకే ఎలాగో వివరంగా చెప్తాను. పన్నెండున్నర, రెండు మధ్య రద్దీలో వెళ్లండి. ఖాళీ హోటల్లో ఒక్కరే కూర్చుంటే అందరూ మననే చూస్తున్నట్టుంటుంది, రద్దీలో ఎవరికీ తీరిక ఉండదు. గుమ్మంలో "ఎంతమంది?" అంటారు. "ఒక్కరే" అని మామూలుగా చెప్పండి, నవ్వు, సంజాయిషీ అక్కర్లేదు. నలుగురు కూర్చునే టేబుల్ దగ్గర ఎవరో ముగ్గురి పక్కన కూర్చోబెడతారు, అదే మంచిది. పప్పు, గోంగూర, కారప్పొడి, నెయ్యి వరసగా వస్తాయి. "సాంబారా, రసమా" అంటూ స్టీలు బకెట్టుతో వచ్చే మనిషి మొహం చూసి జవాబు చెప్పండి. నేను చెప్పే షరతు ఒకటే, మజ్జిగ వచ్చేదాకా ఫోన్ జేబులోంచి తియ్యొద్దు. ఎదుటివాళ్లు ఆవకాయ జాడీ ఇటు జరపమంటారు, మీరు నీళ్ల జగ్గు అటు జరుపుతారు. మొదటిరోజుకి ఆ మాత్రం చాలు.

నడకకి ప్రకాశం బ్యారేజీని మించింది ఈ ఊళ్లో లేదు. 1957లో పూర్తయింది, పొడవు 1,223.5 మీటర్లు, గేట్లు 70. బెజవాడ వైపు నుంచి సీతానగరం దాకా మామూలు నడకకి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. సాయంత్రం ఐదున్నరకి మొదలుపెడితే వెళ్లేటప్పుడు కుడిపక్కన ఎగువ నీళ్ల మీద పొద్దు వాలుతుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద దీపాలు వెలుగుతుంటాయి. భారీ వాహనాల్ని రానివ్వరు గానీ బైకులు, ఆటోలు మాత్రం జోరుగా తిరుగుతాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడవకండి.

వరద రోజుల్లో, అంటే ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య గేట్లు ఎత్తినప్పుడు, ఒంటరి మనిషికి బ్యారేజీ అంత మంచి చోటు మరొకటి లేదు. అందరూ ఒకే వైపు చూస్తుంటారు. పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషిని "ఎన్ని లక్షల క్యూసెక్కులు వదులుతున్నారంటండీ?" అంటే చాలు, ఆయన 2009 వరద దగ్గర మొదలుపెట్టి 2024 సెప్టెంబర్‌లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజు దాకా చెప్తాడు. పోలీసులు ఆపిన చోట మాత్రం ఆగిపోండి.

ఒకపూట ప్రయాణం కావాలంటే విజయవాడ స్టేషన్‌లో గుంటూరు ప్యాసింజర్ ఎక్కి మంగళగిరిలో దిగండి. కొండమీద పానకాల నరసింహస్వామి గుడికి పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నం దాటాక అక్కడ దర్శనం ఉండదు. స్వామి నోట్లో పానకం పోస్తారు, సగం తాగి సగం వదులుతాడంటారు, ఆ సగమే మన ప్రసాదం. మెట్లెక్కుతూ ఆయాసపడేవాళ్ల మధ్య మాటలు వాటంతటవే కలుస్తాయి. భవానీ ద్వీపానికి మాత్రం మొదట్లోనే ఒక్కరే వెళ్లమని చెప్పను. పడవ నిండా కుటుంబాలు, కాలేజీ బ్యాచ్‌లే ఉంటాయి, బెంగ ఇంకాస్త పెరుగుతుంది.

ఆడవాళ్లకి ఇందులో సిగ్గు ఒక్కటే కాదు, భద్రత సంగతి కూడా ఉంది. "ధైర్యంగా ఉండు" అనేసి వదిలేస్తే లాభం లేదు. పొద్దున్న నడక, పగటి సినిమా, గుడి, గ్రంథాలయం, రైతుబజార్‌తో మొదలుపెట్టి, హాస్టల్ గేటు వేసే టైముకి గంట ముందు తిరిగొచ్చేలా చూసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఏపీ మహిళలకి టికెట్ డబ్బులు లేవు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. నెలాఖర్లో డబ్బుల్లేక గదిలోనే ఉండిపోయే అమ్మాయిలకి ఇది చాలా ఆసరా. కిటికీ పక్క సీటు దొరికితే ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి చూసి రావచ్చు.

4. మొహాలు తెలిసిన మనుషుల్ని పోగుచేసుకోండి

స్నేహితులు కాదు, మొహం తెలిసినవాళ్లు. ఇడ్లీ బండి ఆవిడ, టీ కొట్టు అబ్బాయి, ఇస్త్రీ ఆయన, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, రైతుబజార్లో ఆకుకూరలమ్మాయి. ఇలాంటి పలుచటి పరిచయాలకి చాలా బలం ఉందని 1973లో మార్క్ గ్రనోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చెప్పాడు. ఉద్యోగం గురించిన కబురు దగ్గరి స్నేహితుల కంటే ఇలాంటివాళ్ల నుంచే ఎక్కువగా అందుతుందని ఆయన గమనించాడు. 2014లో కెనడాలో ఇంకో ప్రయోగం చేశారు. కాఫీ కొట్టులో డబ్బులిచ్చి కాఫీ తీసుకుని వచ్చేసినవాళ్ల కంటే, అమ్మే మనిషితో నవ్వి రెండు మాటలు మాట్లాడినవాళ్లు ఎక్కువ హుషారుగా బయటికొచ్చారు.

చెయ్యాల్సింది ఇంతే. రోజుకో కొట్టు మార్చకండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాటిలో రెండు మూడింటిని వీధిలో కొనుక్కోండి. పాలు, కూరలు, ఇస్త్రీ అయితే మంచిది, వాటి అవసరం మళ్లీ మళ్లీ వస్తుంది. వయసు చూసి అక్కా, బాబాయ్, పిన్నిగారూ అని వరస కలిపి పిలవడం మనకి పుట్టుకతో వచ్చిన సౌకర్యం, దాన్ని వాడుకోండి. నాలుగు రోజులు మీరు కనపడకపోతే "ఊరెళ్లావా బాబూ?" అని అడిగే ఒక్క మనిషి ఉన్నా గది అంత ఖాళీగా అనిపించదు.

5. అదే చోటు, అదే వేళ

జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో ఒక లెక్క తేల్చాడు. కేవలం తెలిసిన మనిషి మామూలు స్నేహితుడు కావడానికి దాదాపు 50 గంటలు, స్నేహితుడనిపించుకోవడానికి 90 గంటలు, ప్రాణ స్నేహితుడు కావడానికి 200 గంటల పైన కలిసి గడపాలి. వారానికి ఒకసారి రెండు గంటలు కలిస్తే మొదటి మెట్టుకే ఆరు నెలలు పడుతుందన్నమాట. కాలేజీలో స్నేహాలు చటుక్కున కుదిరి ఇప్పుడు కుదరకపోవడానికి కారణం ఇదే. హాస్టల్లో ఆ 200 గంటలు నెలరోజుల్లో గడిచిపోయేవి. అందుకని వారానికి ఒక్కరోజు కార్యక్రమం కంటే వారానికి మూడు నాలుగు రోజులుండేది ఎంచుకోండి.

ఏది ఎంచుకోవాలి? నా సలహా, మనిషి తక్కువైతే పని ఆగిపోయే చోటికి వెళ్లండి. షటిల్ డబుల్స్‌కి నలుగురు కావాలి, పొద్దున్న ఆరింటికి ఏ కోర్టులో చూసినా ముగ్గురుండి నాలుగో మనిషి కోసం ఫోన్లు చేస్తుంటారు. ఆట పెద్దగా రాకపోయినా ఆ నాలుగో మనిషికి మర్యాద ఎక్కువ. భజన బృందంలో గొంతు కావాలి, చర్చి క్వయర్‌లోనూ అంతే. అన్నదానంలో వడ్డించే చేతులు ఎప్పుడూ చాలవు. చేతిలో పప్పు గరిటె ఉన్న మనిషిని ఎవరూ "ఒక్కడివే వచ్చావా" అని అడగరు. అదే జిమ్‌లో అయితే ఎవరి చెవుల్లో వాళ్ల ఇయర్‌ఫోన్స్, ఏడాది వెళ్లినా పక్కవాడి పేరు తెలీదు. ఒంటికి మంచిదే, ఈ బాధకి మాత్రం పెద్దగా పనిచెయ్యదు.

చదివే అలవాటుంటే ఈ ఊరు మీ కోసమే ఉందనుకోండి. అయ్యంకి వెంకట రమణయ్య లాంటివాళ్లు నడిపిన గ్రంథాలయోద్యమానికి బెజవాడే కేంద్రం, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో ఇక్కడే పుట్టింది. గ్రంథాలయంలో మాట్లాడకూడదు కదా అనుకోవచ్చు. పేపర్ల బల్ల దగ్గర రోజూ అదే కుర్చీలో కూర్చునే పెద్దమనుషులు ఉంటారు, మీరు చదివేసిన పేజీ అవతలికి అందిస్తే చాలు. బయటికొచ్చి చెప్పులేసుకునేటప్పుడు మాటలు మొదలవుతాయి. ఇంకా సాహిత్య సభలున్నాయి. టికెట్ ఉండదు, వెనక వరసలో కూర్చోవచ్చు, ఎప్పుడైనా లేచి రావచ్చు, పైగా వచ్చేది ఎప్పుడూ అదే ముప్పైమంది. నాలుగో సభకి "మీరు కిందటిసారి కూడా వచ్చారు కదూ?" అని ఎవరో ఒకరు అంటారు. కళ్లతో పలకరింపు నుంచి మాట దాకా రావడానికి "రోజూ ఇదే టైమాండీ?" కంటే మంచి వాక్యం నాకు తెలీదు.

ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పరిచయానికి ఒక ఇబ్బంది ఉంది, దాచుకోవడం ఎందుకు. మొదటి ప్రశ్న "మీదే ఊరు?" రెండోది "అక్కడ ఎవరి తాలూకు?" మూడో నాలుగో ప్రశ్నకి కులం దగ్గరికి వచ్చేస్తారు. అద్దె ఇళ్ల దగ్గర ఇది ఇంకా సూటిగానే ఉంటుంది, పెళ్లికానివాళ్లకైతే "ఫ్యామిలీస్‌కే" అనే బోర్డు అదనం. ఊరు పేరు చెప్పి వెంటనే "మీరు ఇక్కడివాళ్లేనా?" అని ప్రశ్న అటు తిప్పేయండి. మనుషులకి తమ గురించి చెప్పుకోవడం ఇష్టం, అడగాలనుకున్నది మర్చిపోతారు. అప్పటికీ వదలకపోతే వాళ్లు మీకు అవసరమైన మనుషులు కారు, చోటు మార్చండి.

6. మనసు చెప్పే చాడీలు నమ్మకండి

మూడో వారానికల్లా ఒకటి జరుగుతుంది. నిన్న మాట్లాడిన మనిషి ఇవాళ చూసి కూడా పలకరించకుండా వెళ్లిపోతాడు. "నేనంటే చిరాకు, అందుకే" అనిపిస్తుంది. అక్కడితో వెళ్లడం మానేస్తారు.

జాన్ కాచియోప్పో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీద దశాబ్దాలు పనిచేశాడు. ఆకలి తిండి వెతుక్కోమన్నట్టు ఒంటరితనం మనుషుల్ని వెతుక్కోమని ఒళ్లు ఇచ్చే హెచ్చరిక అంటాడాయన. చిక్కేమిటంటే అది ఎక్కువ రోజులు కొనసాగితే మనిషి ఎదుటివాళ్లలో తిరస్కారం కోసమే వెతకడం మొదలుపెడతాడు. మామూలు మొహం కూడా ముడుచుకున్నట్టు కనపడుతుంది. ఒంటరితనానికి చేసిన రకరకాల ప్రయత్నాల్ని పోల్చి ఆయన బృందం 2011లో చేసిన విశ్లేషణలో, కొత్త పరిచయాలు కల్పించడం కంటే ఈ ఆలోచన తీరుని సరిదిద్దడమే ఎక్కువ ఫలితమిచ్చింది.

చేసే పద్ధతి ఇది. అలాంటిది జరిగిన రోజు కాగితం తీసుకుని జరిగింది మాత్రమే ఒక వాక్యంలో రాయండి: "ఆయన నావైపు చూశాడు, పలకరించలేదు." దానికింద మూడు కారణాలు రాయండి, ఒక్కదాంట్లోనూ మీ ప్రసక్తి ఉండకూడదు. కళ్లజోడు పెట్టుకోలేదేమో. ఇంట్లో ఎవరికైనా బాగోలేదేమో. ఈఎంఐ కట్టే తేదీ ఏమో. మర్నాడు మీరే ముందు పలకరించండి. నూటికి తొంభైపాళ్లు ఆయనకి నిన్నటి సంగతే తెలిసుండదు.

7. ఫోన్‌ని ఫోన్‌లా వాడండి

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద 2018లో వచ్చిన అధ్యయనంలో సోషల్ మీడియాని మూడు వారాలపాటు రోజుకి అరగంటకి కుదించినవాళ్లలో ఒంటరితనం తగ్గింది. పూర్తిగా మానెయ్యమని కాదు, అరగంట. మిగిలిన టైములో ఎవరికో ఒకరికి ఫోన్ చెయ్యండి.

పాత స్నేహితుడికి ఏళ్ల తర్వాత ఫోన్ చెయ్యాలంటే మొహమాటంగా ఉంటుంది. మనవాళ్లలో దానికో కారణం ఉంది. ఉరుములేని పిడుగులా ఫోన్ వస్తే అవతలివాడు మొదట అనుకునేది "అప్పు అడుగుతాడేమో" అనే. పెళ్లి సంబంధమో, పాలసీ అమ్మడమో, చిట్టీయో కూడా కావచ్చు. అందుకని మొదటి వాక్యంలోనే ఆ భయం తీసెయ్యండి: "ఏం పనిలేదురా, ఇటు మన కాలేజీ మీదుగా వచ్చా, నువ్వు గుర్తొచ్చావు." పది నిమిషాల్లో ముగించండి, తర్వాతి ఫోన్ ఎప్పుడో అప్పుడే చెప్పండి. ఇలా ఊరికే చేసిన ఫోన్‌ని అందుకున్నవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువ మెచ్చుకుంటారని 2022లో పరిశోధకులు చూపించారు. ఊహించని ఫోన్ అయితే ఆ సంతోషం ఇంకా ఎక్కువట.

వాట్సాప్‌లో గుడ్‌మార్నింగ్ పువ్వులు పంపడం ఈ లెక్కలోకి రాదు.

8. పండగలకి ముందే చూసుకోండి

సంక్రాంతికి బెజవాడలో హాస్టళ్లు, బ్యాచిలర్ గదులు ఖాళీ అవుతాయి. చాలా మెస్సులు మూసేస్తారు. సెలవు దొరక్క ఉండిపోయినవాళ్లకి ఆ మూడు రోజులు తిండి దగ్గర్నుంచి సమస్యే, కాబట్టి వారం ముందే ఏది తెరిచి ఉంటుందో కనుక్కోండి, మీలాగే ఉండిపోతున్న ఇంకొకరెవరో ఆఫీసులో అడిగి పెట్టుకోండి. సంక్రాంతికి కాస్త ముందు, జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం జరుగుతుంది. ఒక్కరే తిరగడానికి సంవత్సరం మొత్తంలో అంత వీలైన చోటు దొరకదు, గంటలు గంటలు పుస్తకం తిరగేస్తూ నిలబడ్డా ఎవరూ ఏమీ అనరు. దసరా దీనికి ఎదురు. ఊరికి జనం పోటెత్తుతారు, ఆ తొమ్మిది రోజులూ సేవకి పేరిచ్చినవాళ్లకి ఒంటరిగా ఉండే తీరికే ఉండదు.

9. పిల్లలు దూరంగా ఉన్న పెద్దవాళ్లకి

పిల్లల ఫోన్ కోసం రోజంతా ఎదురుచూడటమే ఇక్కడ అసలు బాధ. దానికి వేళ కట్టండి. మనకి పొద్దున్న ఏడైతే న్యూయార్క్ వైపు వేసవిలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరున్నర, ఐదున్నర. వారంలో రెండు రోజులు, అదే వేళ అని మాటనుకుంటే మిగిలిన ఐదు రోజులూ ఫోన్ పక్కన పెట్టి మీ పని మీరు చూసుకోవచ్చు. మనవడు మాట్లాడకుండా బొమ్మలతో ఆడుకుంటుంటే నొచ్చుకోకండి, తెలుగులో ఒక కథ రోజుకి కాస్త చొప్పున చెప్పండి, తరువాయి కోసం వాడే ఫోన్ దగ్గరికొస్తాడు.

పార్కుల్లో పొద్దున్నే వాకర్స్ బ్యాచ్ ఉంటుంది. నడక అయ్యాక బెంచీ మీద కూర్చునే పావుగంట కోసమే చాలామంది వస్తారు, మీరూ నడక ముగిసిన వెంటనే ఇంటికి వచ్చెయ్యకండి. భార్యో భర్తో పోయిన మొదటి ఏడాది మటుకు ఇవేమీ చెయ్యబుద్ధి కాదు. అప్పుడు బంధువులే పూనుకోవాలి. "ఏదైనా కావాలంటే చెప్పండి బాబాయ్" అనడం దండగ, ఆయన చెప్పడు. "గురువారం పొద్దున్న టిఫిన్‌కి వస్తున్నా" అని చెప్పి వెళ్లాలి. పెద్దవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ఎల్డర్‌లైన్ నంబరు 14567, పింఛను, న్యాయ సలహాలతో పాటు కాస్త ఊరట మాటల కోసం కూడా చెయ్యొచ్చు.

10. ఇవన్నీ చాలనప్పుడు

నిద్ర, ఆకలి తప్పి, ఇష్టమైన పని మీద కూడా మనసు లేకుండా, రోజులో ఎక్కువసేపు దిగులుగా రెండు వారాలు గడిస్తే అది ఒంటరితనం దాటి డిప్రెషన్ అయి ఉండొచ్చు. బ్యారేజీ నడక దానికి చాలదు, వైద్యం కావాలి. చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, ఆ క్షణమే పక్క గదిలో ఉన్న మనిషికైనా చెప్పండి. ఆ మనిషితో మీకు పరిచయం లేకపోయినా ఫర్వాలేదు.

మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీమానస్, నంబరు 14416. 2022 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ మొదలుపెట్టింది, 24 గంటలూ ఉంటుంది, డబ్బు ఖర్చు లేదు. భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకోండి. మాట ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే "కొన్నాళ్లుగా మనసు బాగోవడం లేదు, ఒక్కడినే ఉంటున్నాను" అంటే సరిపోతుంది, మిగతావి వాళ్లే ఒక్కొక్కటిగా అడుగుతారు. నేరుగా డాక్టర్ని చూడాలంటే విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకునేటప్పుడు సైకియాట్రీ అని చెప్పండి, గుర్తింపు కార్డు, ఇప్పటికే వాడుతున్న మందుల చీటీలు దగ్గరుంచుకోండి. ఎవర్నైనా తోడు తీసుకెళ్తే మంచిది, కుదరకపోతే ఒక్కరే వెళ్లండి.